కదిలించే చెయ్యి

ఆ వానాకాలం మా టుంపా మంచం దిగాలంటే వాళ్ళ తాత చెయ్యి ఊపాల్సిందే.

కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా గదిలోకి ఏటా నీళ్ళొస్తాయి. అందుకని మంచం కోళ్ళ కింద ఇటుకలు పేర్చి నడుమెత్తున లేపుకుంటాం. నాలుగేళ్ళ పిల్లకి అది మేడతో సమానం. మా మావ పోలిరాజు గుమ్మం దగ్గర నిలబడి, అరచెయ్యి నేలకేసి పెట్టి గాలిని మెల్లగా తట్టేవాడు. "ఆరియా, ఆరియా" అనేవాడు. దింపు అని దానర్థం. టుంపా బోర్లా పడుకుని, మెడ తిప్పి ఆ చేతికేసే చూస్తూ ఒక్కో కాలూ కిందికి జార్చేది. మావ పిడికిలి బిగించి పైకెత్తితే కాలు గాల్లో ఉన్నా సరే ఆగిపోయేది. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే "హాబీస్" అని అరుస్తూ మళ్ళీ పైకి పాకేది.

ఆ మాటలూ ఆ సైగలూ డాక్‌వి. మావ అక్కడ సిగ్నల్‌మేన్. క్రేన్ నడిపేవాడికి ఓడ కడుపులో ఏముందో కనపడదు, ఆ గోలలో ఎవడేం అరిచినా వినపడదు. గొయ్యి అంచున నిలబడి చెయ్యి ఊపే మనిషే వాడికి కళ్ళూ చెవులూ. మావ పెళ్ళి కాకముందునుంచీ ఆ అంచున నిలబడ్డాడు. విశ్వకర్మ పూజనాడు గ్యాంగువాళ్ళు కొక్కేలకీ తాళ్ళకీ కుంకుమ పెట్టి, ఆయనకి వేరే పనిముట్టంటూ లేదు కనక కుడి అరచేతిలో బొట్టు పెట్టేవాళ్ళు.

ఆయన టుంపాకి రూలు కూడా నేర్పాడు. "సరుకుని కదిలించీ సెయ్యి ఒక్కటే ఉండాల, తెల్సిందా గుంటా? ఇంకెవుడు సెయ్యూపినా సూడకు. ఆపీ సెయ్యి మాత్రం ఎవుడిదైనా పర్వానేదు. దార్నపోయీవోడు పిడికిలెత్తినా ఆగిపోవాల."

"ఆగిపోయి?" అనేది టుంపా.

"ఆగిపోయి ఉండిపోవాల. మళ్ళీ కదలాలంటే ఆ ఒక్క సెయ్యే సెప్పాల."

మామూలుగా అయితే ఏ తాతైనా మనవరాల్ని చంకలో చెయ్యేసి దింపుతాడు. మా మావ కూడా అంతకుముందు మెడ మీద ఎక్కించుకునే తిప్పేవాడు. పోయిన చలికాలం దగ్గు పట్టుకుని ఆస్పత్రిలో చేరితే రక్తం పరీక్ష చేసి, హెచ్ఐవీ అన్నారు. మా అత్త అమ్మన్నమ్మ టీబీ అనుకునే పోయింది. ఆవిడకి అసలు వచ్చిందేమిటో అప్పటికి గానీ అర్థం కాలేదు. మందులు ఉచితంగానే ఇస్తున్నారు, మావ పూట తప్పకుండా వేసుకుంటున్నాడు, దగ్గు తగ్గింది, ఒళ్ళు కూడా చేసింది. కానీ ఆస్పత్రి నుంచి వచ్చిన రోజునుంచి పిల్లని ముట్టుకోలేదు. తన గ్లాసూ కంచం తనే వేరు పెట్టుకున్నాడు.

"ముట్టుకుంటే రాదంట మావా. ఆస్పత్రిలో కూకున్న దిది, ఆ అక్క, నాకు మరీ మరీ సెప్పింది," అన్నాను ఒకసారి.

"ఆ దిదికి తెలుసు. నా సెయ్యికి తెల్దు కదమ్మా," అన్నాడు.

ఇంక నేను బలవంతం చెయ్యలేదు. నిజం చెప్పాలంటే నా మనసూ సగమే నమ్మింది. రాత్రిపూట టుంపా ఒళ్ళు వెచ్చగా తగిలితే లేచి కూర్చునేదాన్ని. దగ్గితే లెక్కపెట్టేదాన్ని. ఆపద ఎటునుంచి వస్తుందో కనిపెట్టుకుని ఉన్నాననే అనుకున్నాను.

*

రథయాత్ర వెళ్ళిన కొత్తల్లో ఒక సాయంత్రం వాన పడుతోంది. మా ఆయన అప్పలసూరి షాలిమార్ గూడ్సు యార్డు నుంచి ఇంకా రాలేదు. ఆ ఏడు రంజానూ దుర్గాపూజలూ వెంట వెంటనే వచ్చాయి. మా వీధిలో కుట్టుమిషను ఆగిన ఇల్లు లేదు. నేను కూడా ఓస్తాగర్ దగ్గర, అంటే కుట్టుపని చేయించే మేస్త్రీ దగ్గర, చిన్నపిల్లల గౌన్లు తెచ్చుకుని అంచులు మడిచి బొత్తాలు కుట్టి ఇస్తున్నాను. గుమ్మంలో వెలుతురుకి కూర్చుని బొత్తాం కుడుతుంటే, వెనక టుంపా మంచం దిగుతోంది.

"ఆరియా, ఆరియా," అంటున్నాడు మావ.

పిల్ల కాళ్ళు నేలకి ఆనాయి. మావ చెయ్యి ఇంకా గాలిని తడుతూనే ఉంది. టుంపా ఒకసారి కాళ్ళకేసి చూసుకుంది, ఒకసారి చేతికేసి చూసింది. గొంతుక్కూర్చుంది. చెయ్యి తడుతూనే ఉంది. చతికిలబడింది. నవ్వుకుంటూ తడినేల మీద వెల్లకిలా పడుకుని చేతులు బార్లా చాపింది.

"తాతా, ఇంక కింద ఏటీ నేదు," అంది.

నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ మావ మొహం చూశాను. ఆయన నవ్వడం లేదు. ఆట ఆడుతున్న మొహమూ కాదు. పిల్లకేసే చూస్తున్నాడు, పిల్ల కింద పడుకుని ఉండడం కనపడుతూనే ఉంది, చెయ్యి మాత్రం తన దారిన తను తడుతోంది. సూది నా వేలికి గుచ్చుకుంది. అప్పుడు మావ పిడికిలి బిగించాడు.

"అయిపోనాది, లెగు," అన్నాడు, ఏమీ జరగనట్టు.

తర్వాతనుంచి చూడటం మొదలుపెడితే ఎన్నో కనపడ్డాయి. బీడీ ముట్టించి అగ్గిపుల్ల వేలి దాకా కాలేవరకూ పట్టుకునేవాడు. కొళాయి దగ్గర బకెట్ నిండి పొర్లిపోతుంటే చూస్తూ నిలబడేవాడు. పిలిస్తే పలికేవాడు గానీ, ఆ పలుకు ఎక్కడో సందులు తిరిగి వచ్చినట్టు వచ్చేది. పక్కగది అప్పమ్మత్త, "ఒలే సిమ్మాలూ, మీ మావ మళ్ళీ పుచ్చుకుంటన్నాడేటే," అంది.

"మానేసి ఏడాదయ్యింది అత్తా."

"అయితే ముసిలితనమే. మా ఇంటాయనా అంతే, పోయీముందు కూరలో ఉప్పు నేదని నెల్లాళ్ళ తర్వాత సెప్పినాడు."

ఆవిడ మాటకి నవ్వేశాను.

*

వారం పదిరోజులు తిరక్కముందే గ్యాంగు సర్దారు కోదండం ఇంటికొచ్చాడు. మావని అన్నా అంటాడు, నన్ను కోడలా అంటాడు. మంచి మనిషి, నోరెక్కువ. ఆ రోజు మాత్రం చెప్పులు గుమ్మంలో విడిచి చాలాసేపు నీళ్ళు తాగాడు.

"అన్న ఏడీ?"

"కొళాయి కాడున్నాడు."

"అయితే నీకే సెప్తాను. నిన్న ఇనప చువ్వల కట్ట దిగతన్నాది. కింద మావోళ్ళు నలుగురు. అన్న ఆరియా అన్నాడు, క్రేనోడు దింపతన్నాడు. ఆపాల్సినకాడ ఆపనేదు కోడలా. పైనుంచి నాను సూత్తన్నాను. ఆపుతాడు, ఆపుతాడు అనుకుంతన్నాను. సివరికి నాను పిడికిలెత్తినాను. ఆళ్ళు గోడకి అతుక్కుపోనారు గావున బతికినారు."

"వానలో కనపడ్నేదేమో."

"నాకు కనపడ్డాది గదా," అన్నాడు కోదండం. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అన్న సెయ్యంటే మాకు దేవుడి సెయ్యి. ఆ సెయ్యి కింద నిద్రపోయీవోళ్ళం. యూనియను ఆపీసులో ఎవులికీ సెప్పనేదు. కొన్నాల్లు షెడ్డులో కూకోబెడతాను, కాదంటే ఇంటికాడ ఉండమను. ఆస్పత్రికి తీసికెల్లు."

మావ బకెట్‌తో వచ్చాడు. కోదండాన్ని చూసి నవ్వాడు. "ఏరా సర్దారూ, నా మీద సాడీలు సెప్తన్నావేటి."

"నీ మీద సెప్పడానికేటున్నాది అన్నా. నీ కోడలు టీ ఇయ్యనేదని సెప్తన్నాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. బకెట్‌లో సగం నీళ్ళే ఉన్నాయి. మిగతావి ఆయన పంచె మీదుగా గుమ్మం దాకా ధార కట్టాయి. అది ఇద్దరమూ చూశాం, మావ చూడలేదు.

*

ఆస్పత్రిలో ఆ మందులిచ్చే గది ముందు వరస ఎప్పుడూ ఉంటుంది. అందరూ గోడకేసి తిరిగి నిలబడతారు, ఎవరి మొహం ఎవరూ చూడకుండా. టుంపాని ఎక్కడ ఉంచాలో తెలియక చంకనేసుకుని వెళ్ళాను.

డాక్టరు బెంగాలీ అమ్మాయి, నా ఈడుదే. నేను ఏడో తరగతి దాటకుండానే బడి మాన్పించేశారు, ఆ అమ్మాయేమో మెదడు సంగతులు చదువుకుంది. మావని బల్ల ముందు కూర్చోబెట్టి, "దాదూ, వేళ్ళు రెండూ కలిపి టకటకా కొట్టండి," అంది. కొట్టాడు, నిద్రలో కొట్టినట్టు. తర్వాత తన చెయ్యి బల్ల మీద పెట్టి చూపించింది. ముందు పిడికిలి. తర్వాత అరచెయ్యి బోర్లా. తర్వాత చెయ్యి అంచు నిలువుగా. "ఈ మూడూ వరసగా చేస్తూ ఉండండి."

మావ నాకేసి తిరిగి తెలుగులో, "ఇదేటమ్మా, నాకు సెయ్యూపడం నేర్పతన్నాదేటి," అన్నాడు.

పిడికిలి పెట్టాడు. అరచెయ్యి పెట్టాడు. మళ్ళీ అరచెయ్యే పెట్టాడు. ఆగి, డాక్టరు చేతికేసి చూశాడు. పిడికిలి పెట్టాడు, అలాగే ఉండిపోయాడు. నుదుటి మీద చెమట పట్టింది. గది చల్లగానే ఉంది.

నా ఒళ్ళో టుంపా బల్ల అంచు మీద పిడికిలి, అరచెయ్యి, అంచు, మళ్ళీ పిడికిలి, అరచెయ్యి, అంచు అని ఆడుకుంటూ పోతోంది. గభాలున దాని చెయ్యి పట్టుకుని కిందికి లాగేశాను. మావ అది చూశాడు. బల్ల మీదున్న తన చెయ్యి తీసి తొడ కింద పెట్టుకున్నాడు.

ఆ అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. మెదడులో సన్న సన్న కణాలుంటాయి, అవి ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి, మనం చెయ్యెత్తినా మాటాడినా ఆ కబుర్లే. పనిలేనప్పుడు అవి సద్దుమణగాలి. వయసు మీదపడేకొద్దీ ఆ సద్దుమణగడం తగ్గుతుంది. ఈ జబ్బున్నవాళ్ళకి ఆ వయసు ముందే వచ్చేసినట్టవుతుంది. ఏ పనీ లేకపోయినా లోపల గోల నడుస్తూనే ఉంటుంది, ఆ గోలలో అసలు కబురు ఆలస్యంగా అందుతుంది, ఒక్కోసారి అందదు. మందు రక్తంలో క్రిమిని అణిచిపెడుతుంది గానీ మెదడులోకి అంత బాగా వెళ్ళదు.

"ఇందులో జబ్బెంత, వయసెంత?" అనడిగాను.

"విడదీసి చెప్పడం కష్టం దిది. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మందు మార్చి చూద్దాం. మెదడు బొమ్మ కూడా తీయిద్దాం."

మావకి తెలుగులో నాకు తెలిసినంత చెప్పాను. ఆయన తలూపుతూ విన్నాడు. "గోలెక్కువైతే నోటిమాట పన్చెయ్యదు, సెయ్యే ఊపాల. మరి లోపల సెయ్యూపీవోడెవడమ్మా?" అన్నాడు.

"ఏమంటున్నారు?" అంది డాక్టరు.

నాకు దాన్ని బెంగాలీలోకి మార్చడం చేతకాలేదు. లేచేముందు నేను అడగాల్సింది అడిగాను. "పిల్లని ఆయన దగ్గర ఒదిలి పనికెళ్ళొచ్చా దిదీ?"

ఆ అమ్మాయి మొహం మెత్తబడింది. "నిశ్చింతగా వదలండి. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. ముద్దు పెట్టుకున్నా రాదు. భయపడకండి."

ఆ గదిలోకి వచ్చే ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న అదే కాబోలు, జవాబు సిద్ధంగా ఉంది. నేనడిగింది జబ్బు అంటుతుందా అని కాదు. అయితే ఎలా అడగాలో నాకూ సరిగా తట్టలేదు. ఇంతలో తర్వాతి పేరు పిలిచారు.

ఇంటికొచ్చాక అప్పలసూరికి చెప్పాను. ఆయన తండ్రితో మాట్లాడి అప్పటికి ఎన్ని నెలలో. లుంగీ మడిచి కట్టుకుంటూ, "మా అమ్మని మింగినోడు బుర్ర పోయిందంటే నానేడవాలేటి," అన్నాడు. ముడి బిగించి, "ఊరు పంపించీద్దాం. సిన్నాన్న సూత్తాడు," అన్నాడు.

"పూజలెల్లనియ్యి. నా పని మద్దిలో ఉన్నాది."

"గుంట జాగర్త," అన్నాడు ఆయన. అలా అంటున్నప్పుడు ఆయన చూపు మావ నీళ్ళ గ్లాసు మీద ఉంది. ఇంట్లో అందరమూ ఆ గ్లాసుకేసే చూస్తున్నాం ఆ రోజుల్లో.

*

భాద్రపదం వచ్చింది. ఆకాశం నిండా గాలిపటాలు. కలకత్తాలో గాలిపటాలు విశ్వకర్మ పూజకే. టీ బడ్డీలో టీవీ పొద్దస్తమానం సింగూరు కార్ల ఫ్యాక్టరీ గొడవే చూపిస్తోంది. మావ ఇంటిదగ్గరే ఉంటున్నాడు. కొత్త మందు మొదలుపెట్టారు. బాగున్న రోజు బాగానే ఉండేవాడు, టుంపాకి ఓడల కబుర్లు చెప్పేవాడు. బాగులేని రోజు గోడకేసి కూర్చునేవాడు.

పూజకి రెండు రోజుల ముందు ఓస్తాగర్ కబురుపెట్టాడు, మూటలన్నీ ఆ పొద్దే చేరాలని. టుంపాకి బువ్వ పెట్టి, మావతో, "బైటకెల్లొద్దు మావా. బేగొచ్చేత్తాను," అన్నాను. "ఎక్కడికెల్తాం," అన్నాడు. ఆ రోజు కళ్ళు తేటగానే ఉన్నాయి. అప్పమ్మత్తని ఓ కన్నేసి ఉంచమని చెప్పి మూట నెత్తినెత్తుకున్నాను.

తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. మంచం మీద గౌను గుడ్డముక్కతో టుంపా కట్టిన బొమ్మ ఉంది. ఎవరూ లేరు.

అప్పమ్మత్త మరమరాలు చెరుగుతోంది. "రేవుకెల్లినారు, ఓడ ఒత్తన్నాదంట, జెండా సూపిత్తాడంట. సెయ్యట్టుకోరా పోల్రాజూ అన్నాను. ఆడు దూరంగా నిలబడి సెయ్యూపుకుంటా తీసికెల్లినాడు, ఓడని తోలుకెల్లినట్టు."

నేను ఆవిడ మాట పూర్తిగా వినలేదు.

సందు మలుపు తిరిగేసరికి మైకులో పూజపాటలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. ఆ పక్కనే డాక్‌లో క్రేన్ల మోత. రేవులో రోజూ ఉండే మనుషులెవరూ లేరు. పడవలన్నీ ఒడ్డు వదిలి నది మధ్యకి పోతున్నాయి. అది చూడగానే ఆ రోజు పౌర్ణమని గుర్తొచ్చింది. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం పోటెక్కి నదిలోకి ఎదురొస్తుంది. బాన్ అంటారు ఇక్కడివాళ్ళు. గోడ లేచి వచ్చినట్టు వస్తుంది. పడవవాళ్ళకి ముందే తెలుస్తుంది, ఒడ్డునుంటే పగిలిపోతాయని మధ్యకి తోసుకుపోతారు.

మావ రేవు పైమెట్టు మీద నిలబడి ఉన్నాడు, నాకు వీపు పెట్టి. అరచెయ్యి నేలకేసి ఉంది. గాలిని మెల్లగా తడుతోంది.

టుంపా కింద, చాలా కింద ఉంది. తాతకేసి మొహం పెట్టి, వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టూ దిగుతోంది. ఆట బాగా సాగుతున్నందుకు నవ్వుతోంది. నీళ్ళు ఇంకా దూరంగానే ఉన్నాయి, ఆటుకి వెనక్కి పోయి బురద మెట్లు మెరుస్తున్నాయి.

అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

పరిగెత్తుకుంటూనే పిడికిలి బిగించి చెయ్యెత్తాను.

టుంపా ఆగింది. తాత భుజం మీదుగా నా పిడికిలి చూసి, ఒక కాలు వెనక మెట్టు మీదా ఒక కాలు ముందు మెట్టు మీదా పెట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడిపోయింది. ఆపే చెయ్యి ఎవరిదైనా పర్వాలేదు కదా.

మావని దాటి మెట్లు దిగబోయాను. నేను వెంటపడితే పారిపోవడం దానికి పుట్టుకతో వచ్చిన ఆట. కిసుక్కున నవ్వి ఒక మెట్టు వెనక్కి వేసింది. బురదలో కాలు జారింది, నిలదొక్కుకుంది. నేను బిగుసుకుపోయి మళ్ళీ పిడికిలెత్తాను. మళ్ళీ ఆగింది.

వేలు పైకెత్తి గిరగిరా తిప్పాను. పైకి రమ్మని. టుంపా తల అడ్డంగా ఊపింది. కదిలించే చెయ్యి ఒక్కటే. దాని కళ్ళు మళ్ళీ తాత చేతి మీదికి వెళ్ళాయి. ఆ చెయ్యి ఇంకా దిగమంటూనే ఉంది.

దిగువనుంచి ఒక చప్పుడు వినపడటం మొదలైంది, గూడ్సుబండి వంతెన ఎక్కినట్టు. నది మధ్యనుంచి పడవవాళ్ళు మాకేసి చేతులూపుతూ ఏదో అరుస్తున్నారు.

నేను వెనక్కి మెట్లెక్కి మావ పక్కకి వచ్చి, ఆయన మణికట్టు పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఆ చెయ్యి నా చేతిలో కూడా తడుతూనే ఉంది, పట్టుకున్న పిట్ట గుండె కొట్టుకున్నట్టు. అరచెయ్యి తిప్పాను. వేళ్ళు మడిచాను. చూపుడువేలు ఒక్కటీ లాగి నిలబెట్టాను. ఆ వేలు నా వేళ్ళలో పట్టుకుని గుండ్రంగా తిప్పాను.

"హాబీస్," అన్నాను, వినపడదని తెలిసీ.

టుంపా పైకి రావడం మొదలుపెట్టింది. తొందరేమీ లేకుండా, చేతికేసే చూస్తూ, ఒక్కో మెట్టూ, చేతులూ కాళ్ళూ ఆనించి పాకుతూ వచ్చింది. నేను తిప్పుతూనే ఉన్నాను. ఆపితే ఆగిపోతుంది.

చివరి మెట్లలో ఉండగా వంగి దాని రెక్క పుచ్చుకుని లాగేశాను. నీళ్ళు వచ్చి మెట్లకి కొట్టాయి. మా ముగ్గురి మొహాల మీదా బురద నీళ్ళు పడ్డాయి. తుడుచుకుని చూస్తే టుంపా నిలబడ్డ మెట్టు నీళ్ళ కిందికి పోయింది, దాని పైవీ పోయాయి. ఎర్ర రబ్బరు చెప్పు ఒకటి సుడిలో తిరుగుతూ ఎగువకి పోయింది.

"నా సెప్పు," అంది టుంపా.

నేను ఇంకా మావ చెయ్యి వదల్లేదు. ఆయన ఆ చేతికేసి చూశాడు, నాకేసి చూశాడు. మొహంలోకి మెల్లగా మనిషి వచ్చాడు.

"నన్ను ముట్టుకున్నావేటమ్మా," అన్నాడు. "సెయ్యి కడుక్కో. సబ్బెట్టి కడుక్కో."

*

ఆ సాయంత్రం అప్పలసూరికి చెప్పాను. ఆయన టుంపా కాళ్ళకేసి చూశాడు.

"రేపే టికెట్టు తీత్తాను," అన్నాడు.

"రైలెక్కిత్తావు. ఎక్కడ దిగాలో ఎవులు సెప్తారు?"

మర్నాడు మా ఆయన గొళ్ళెం ఒకటి తెచ్చి తలుపుకి బయటివైపు బిగించాడు. మేకు కొడుతున్నంతసేపూ మావ పక్కనే నిలబడి, మేకులు ఒక్కొక్కటే అందించాడు. అది ఎందుకో అడగలేదు. నెలల తర్వాత తండ్రీ కొడుకులు కలిసి చేసిన పని అది.

విశ్వకర్మ పూజ రోజు కోదండం కుంకుమ పళ్ళెంతో ఇంటికే వచ్చాడు. మావ చెయ్యి ముందుకు చాపలేదు. కోదండమే ఆయన కుడిచెయ్యి తీసుకుని, వేళ్ళు విప్పి, అరచేతి మధ్యలో బొట్టు పెట్టాడు. "ఒచ్చే ఏడు పూజ డాక్‌లోనే అన్నా," అన్నాడు. మావ, "ఒత్తాను," అన్నాడు. గుమ్మం దాటాక కోదండం భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకోవడం చూశాను. వాన పడటం లేదు.

మధ్యాహ్నం నేను మిగిలిన గౌన్లకి బొత్తాలు కుడుతున్నాను. టుంపా తాతని మంచం మీద కూర్చోబెట్టి, తను గుమ్మంలో నిలబడింది.

"తాతా, ఇపుడు నువ్వు సరుకు," అంది.

"సరే."

"ఆరియా, ఆరియా." చిన్న అరచెయ్యి గాలిని తట్టింది. మావ ఒక కాలు మెల్లగా నేలకి దించాడు. టుంపా పిడికిలెత్తింది. ఆయన ఆగాడు. అది పకపకా నవ్వింది. ఇంతలో వీధిలో ఎవరిదో గాలిపటం తెగింది. పిల్లలంతా కేకలేసుకుంటూ పరిగెత్తారు, టుంపా కూడా. నేను సూది వదిలేసి వెనకాలే పరిగెత్తాను. సందు చివర, రేవు దారి మొదట్లో దాన్ని పట్టుకుని, తీసుకొచ్చి అప్పమ్మత్త ఒళ్ళో కూర్చోబెట్టి, ఆవిడ దగ్గర మరమరాలు ఇప్పించి, ఎక్కడికీ కదలనివ్వొద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకుని వచ్చాను. ఎంతసేపయిందో తెలియదు.

మావ అలాగే ఉన్నాడు. ఒక కాలు నేల మీద, ఒక మోకాలు మంచం మీద, నడుం సగం వంగి. మోకాలు వణుకుతోంది. మెడ మీద చెమట ధార కడుతోంది. కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి.

"దిగు మావా," అన్నాను.

కదల్లేదు.

"గుంట ఎల్లిపోనాది. ఆటైపోనాది. దిగు."

"ఆపినాది," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి, డాక్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి పని చెప్పినట్టు. "ఇంకా ఒదల్నేదు."

నేను దగ్గరికి వెళ్ళి ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాను. అరచేతిలో కుంకుమ చెమటకి తడిసి ఉంది. దాన్ని నేలకేసి తిప్పి, పట్టుకునే మెల్లగా గాలిని తట్టాను. రెండో కాలు దిగింది. భుజం పట్టి మంచం పట్టె మీద కూర్చోబెట్టాను. నా అరచెయ్యంతా ఎర్రగా అయింది.

అలాగే నిలబడ్డాను. ఆయన అనాల్సిన మాట కోసం చూశాను. ఆయన నా చెయ్యి తన చేతిలోనే పెట్టుకుని, గుమ్మం బయట ఎగురుతున్న గాలిపటాలకేసి చూస్తూ కూర్చున్నాడు. కడుక్కోమని అనలేదు.